రెండు గల్లీల అవతల ఆగే బండి

మా బావ పోయాడు. మొన్న సోమవారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ, బూట్లు వేసుకుంటూ ఛాతీలో నొప్పి అన్నాడట. మహబూబాబాద్ దవాఖానకు చేర్చేసరికే అంతా అయిపోయింది. అక్క ఫోన్ వచ్చినప్పుడు నేను మా ఎరువుల దుకాణంలో ఒక రైతుకు మిర్చి తోటలో మందు ఎలా కొట్టాలో చెబుతున్నాను. అక్క “తమ్మీ” అని ఆగిపోయింది. నాకు అర్థమైపోయింది.

ఆయన పెద్ద ఆఫీసరేం కాదు, హెడ్ కానిస్టేబుల్. పుట్టింది నర్మెట్ట వైపు, ఉద్యోగంలో చివరి ఏళ్లు కురవి చుట్టుపక్కల ఊళ్లలో గడిచాయి. ఆయన ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు. అయినా ఫలానా సారు బామ్మర్దినని చెప్పుకోవడం నాకు గొప్పగా ఉంటుంది. ఆ గొప్ప ఎక్కడ మొదలైందో మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు ఆయన ఉద్యోగమంటే వేళాకోళమే. బామ్మర్దిని కదా, ఆ హక్కు నాకుంది. సాయంత్రం ఇంటికి రాగానే ఇవాళ ఎన్ని చాయ్‌లు తాగితే డ్యూటీ గడిచిందని అడిగేవాడిని. ఆయన నవ్వేసి ఇస్త్రీపెట్టె ముందేసుకునేవాడు. యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకోవాలి. అక్క చేస్తే మడత నిలవదంటాడు. ఆ మడత మీద వాళ్లిద్దరికీ పెళ్లయినప్పటినుంచీ పంచాయితీయే.

ఇంకో పంచాయితీ బండి మీద. డ్యూటీ బండి ఆయన్ని ఏనాడూ ఇంటి ముందు దింపలేదు. రెండు గల్లీల అవతల, నీళ్ల ట్యాంకు దగ్గర దిగి నడిచి వచ్చేవాడు. వాన పడుతున్నా అంతే. సర్కారు బండి ఇంటిదాకా వస్తే దాని టైర్లు అరిగిపోతాయా అని అక్క తిట్టేది. నేనైతే ఇదంతా నిజాయితీ చూపించుకోవడానికి వేసే వేషమనుకునేవాడిని.

రెండేళ్ల కింద వాళ్ల స్టేషన్‌లో, ఊరివాళ్లను ఒక డ్యూటీ పాటు బండిలో తిప్పి పోలీసు పని చూపించే పద్ధతి పెట్టారు. బావ నా పేరు రాయించాడు. వేళాకోళానికి బదులన్నమాట. అట్లా ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి నేను తెల్లచొక్కా వేసుకుని, పెళ్లికి పోతున్నట్టు పెట్రోలింగ్ బండి ఎక్కాను. నడిపే ఆయన ఒక హోంగార్డు. బావ ముందు సీట్లో, నేను వెనక.

ఆ పూటంతా నడకే. ఒక ఊళ్లో కోర్టు కాగితం ఇవ్వాలి, బండి బడి దగ్గర ఆగింది. ఇంకో ఊళ్లో గట్టు తగాదా, బండి చెరువు మలుపులో ఆగింది. అక్కడినుంచి ఎండలో నడవాలి. బావ ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు పోయి మంచినీళ్లు అడిగి, అరుగు మీద కూర్చుని, పంటల సంగతి మాట్లాడి, అప్పుడు జేబులోంచి కాగితం తీసేవాడు. నాకు చెమటలు, చిరాకు. బండి ఇంటి ముందు ఆపితే ఏమైతదని విసుక్కున్నాను.

“మన బండి ఆగిందంటే సాలు బామ్మర్దీ, ఎందుకచ్చిన్రని ఎవ్వలు అడుగరు. ఆ ఇంటోళ్లు ఏదో చేసిన్రనే అనుకుంటరు” అన్నాడు.

విన్నాను గానీ బుర్రకెక్కలేదు. ఎక్కితే ఆ తర్వాత చేసిన నిర్వాకం చేసేవాడిని కాదు.

పదకొండింటికి పక్క ఊరినుంచి ఫోన్. ఒక ఇంట్లో పసిపిల్లవాడి ఇరవయ్యొకటో రోజు పండుగ చేశారు. తెల్లారి చూస్తే ఆ ఇంటి కోడలి బంగారు గొలుసు లేదు. ముందురోజు గిన్నెలు తోమడానికి వచ్చిన రాజవ్వ మీద అనుమానమని ఆ కోడలి అత్త చెప్పింది. ఆ ఊళ్లో హోటల్ దగ్గర బండి ఆపించి, బావ ఫోన్‌లో స్టేషన్‌తో మాట్లాడుతున్నాడు. నేను చాయ్ కోసం దిగాను. ఏం పని మీద వచ్చారని హోటలాయన అడిగాడు. పోలీసు బండిలోంచి దిగిన మొనగాడిని కదా, ఊరుకుంటానా! గొలుసు పోయిందని, రాజవ్వ ఇంటికి పోవాలని గొంతు పెంచి మరీ చెప్పాను.

బావ ఫోన్ పెట్టేసి నడక మొదలుపెట్టేలోపే ఆ మాట ఊరు దాటింది. గల్లీలో సగం దూరం పోయామో లేదో రాజవ్వే ఎదురొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మొగుడు లేడు, పొలం లేదు. చుట్టుపక్కల ఎవరింట్లో శుభకార్యమైనా గిన్నెల దగ్గర ఆమే ఉంటుంది, అదే బతుకు. వెనక పదిమంది జనం. ఆమె ఏడవలేదు.

“నేను ముట్టలే సారూ. గిప్పుడు అందరికీ తెలిసిపాయె. రేపటి సంది నన్ను ఎవలు పిలుస్తరు?”

బావ నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు తలుచుకుంటే నాకిప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. తిట్టలేదు. ఆమెను ఇంటికి పోయి కూర్చొమ్మని, తనే వస్తానని చెప్పాడు. తర్వాత నాతో మెల్లగా, ఇంకోసారి వచ్చేటప్పుడు నోరు దుకాణంలో పెట్టి తాళమేసి రమ్మన్నాడు.

గొలుసు పోయిన ఇంట్లో ఆయన రాజవ్వ పేరెత్తలేదు. దొంగతనమనే మాటే వాడలేదు. కోడలిని కూర్చోబెట్టి, పిల్లవాడు పాలు తాగేటప్పుడు గొలుసు పట్టుకుని గుంజుతాడా అని అడిగాడు. గుంజుతాడంది. అప్పుడేం చేస్తావమ్మా అన్నాడు. తీసి పక్కన పెడతానంది. అంటూనే ఆ పిల్ల ముఖం మారింది. బావ లేచి ఊయల దగ్గరికి పోయి, పిల్లవాణ్ణి ఎత్తుకోమని ఆమెకు చెప్పి, బొంతలు ఒక్కొక్కటీ దులిపాడు. మూడో బొంత మడతలోంచి గొలుసు జారి కింద పడింది. తన భార్య కూడా పిల్లలు పుట్టినప్పుడు ఇట్లాగే దాచి మరిచిపోయేదని చెప్పి నవ్వాడు.

ఇంట్లో అందరి ప్రాణం లేచొచ్చింది. అత్త చాయ్ పెట్టమంది, రాజవ్వకు రేపు తామే చెబుతామంది. బావ చాయ్ వద్దన్నాడు.

“రేపు గాదమ్మా, ఇప్పుడే. ఆమె పేరు వాకిట్ల పోయింది, వాకిట్లనే తిరిగియ్యాలె. బండెక్కుండ్రి” అన్నాడు.

ఆమె గుణిసింది, కొడుకు వైపు చూసింది. బావ గొంతు పెంచకుండా గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. చివరికి అత్తాకోడళ్లు ఇద్దరూ హోటల్ దాకా నడిచొచ్చి బండెక్కారు. నేను బండి వెనక నడిచాను, అది నాకు తగిన శాస్తే.

ఆ రోజు మొత్తంలో బండి ఒక ఇంటి ముందు ఆగింది అప్పుడొక్కసారే. రాజవ్వ వాకిట్లో, గడప ముందే ఆపించాడు. ఊరంతా చేరింది. అత్త దిగి, గొలుసు తమ ఇంట్లోనే ఉందని, రాజవ్వను అనుమానించడం తమ తప్పని అందరికీ వినబడేలా చెప్పింది. కోడలు రాజవ్వ చెయ్యి పట్టుకుంది. రాజవ్వ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి బావకిచ్చింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ నీళ్లు చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఈయన మా బావ అని ఆ గల్లీలో కనబడ్డవాడికల్లా చెప్పాలనిపించింది. నోటికి తాళం ఉంది గనక చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన ఈ సంగతి ఎత్తలేదు, ఇస్త్రీపెట్టె తీసుకున్నాడు. నేనే అక్కకు చెప్పాను. విని, వేడన్నం వడ్డించింది. ఆ తర్వాత చాయ్‌ల లెక్క నేనెప్పుడూ అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం ఆయన్ని స్టేషన్ వాళ్లే తమ బండిలో తెచ్చారు. ఆ రోజు మమ్మల్ని తిప్పిన హోంగార్డే నడుపుతున్నాడు. అలవాటు కొద్దీ నీళ్ల ట్యాంకు దగ్గర ఆపేశాడు. ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. సరే, ఇక్కడినుంచి మోసుకుపోదామని మేం నలుగురం ముందుకు వచ్చాం. అప్పుడు జనంలోంచి రాజవ్వ వచ్చింది. ఎవరు చెప్పారో, ఏ ఆటో పట్టుకుని వచ్చిందో తెలియదు.

“ఈడెందుకాపిన్రు? మా వాకిట్ల దాక తెచ్చి ఆపిండు గా సారు. ఆయనను ఆయన వాకిట్లకు తీసుకపోరా?”

నేను హోంగార్డు భుజం తట్టాను. అతను కళ్లు తుడుచుకుని బండి తీశాడు. గల్లీకి అడ్డంగా ఉన్న మోటారుసైకిళ్లు ఒక్కొక్కటీ పక్కకు జరిగాయి. అక్క గడపలో నిలబడి చూస్తోంది. బండి మెల్లగా వస్తోంది. దాని ముందు రాజవ్వ, ఒక చెయ్యి బానెట్ మీద వేసి, రెండో చేత్తో జనాన్ని పక్కకు జరుపుతూ, మా బావ ఇంటి వాకిట్లోకి నడిచి వస్తోంది.