మినిట్స్ ఓడినవాళ్ళే రాయాలన్న సారు

కిందటి నెల ఒకరోజు పొద్దున నేను కర్నూలులో మా డిగ్రీ కాలేజీకి బయలుదేరుతుంటే ప్రసన్న ఫోన్ చేసింది. యూనివర్సిటీలో మేమిద్దరం కలిసి చదివాం. ఇప్పుడు ఏడాదికోసారి కూడా మాట్లాడుకోం. ఫోన్లో పేరు చూడగానే ఏదో జరిగిందనుకున్నాను.

"కౌన్సిలు సారు పోయినాడప్పా," అంది. "నిద్దట్లోనే పోయినాడంట."

"యాడ?" అన్నాను. ఏం ప్రశ్నండీ అది! ఎక్కడ పోతే ఏముంది? నోటికి అదొక్కటే వచ్చింది.

"కడపలోనే, ఇంట్లో. పదకొండో దినం పాత పిల్లోళ్ళమంతా కల్సి సభ పెడ్తాండాం. రా," అని పెట్టేసింది.

సారు గురించి నాలుగు మంచి మాటలు రాయమని మిత్రులు అడిగారు. మంచి మాటలకేం, కావలసినన్ని ఉన్నాయి. ఎటొచ్చీ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ బుర్ర పనిచేయదు. దాన్ని దాటేసి మిగతావి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు. అందుకని నాకు తెలిసింది తెలిసినట్టు, అర్థంకానిది అర్థంకానట్టే చెబుతాను. మీరే చూడండి.

యూనివర్సిటీ పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడెవరికీ లాభం లేదు. మాకు విద్యార్థి ఎన్నికలు లేవు. గోడల నిండా పోస్టర్లు, జీపుల్లో మైకులు, పగిలిన తలకాయలు, అవన్నీ మేం పుట్టకముందు సంగతులు. వాటి బదులు విద్యార్థి మండలి అని ఒకటుండేది, అందరూ కౌన్సిలనేవాళ్ళు. ఒక్కో క్లాసు నుంచి ఒక్కో ప్రతినిధి, మొత్తం ముప్పై ముగ్గురం. మాలో మేమే చీటీలు వేసుకుని అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, మెస్సుకు ఒకరిని, ఆటలకు ఒకరిని ఎన్నుకోవాలి. ఆ పేర్లు పైఆఫీసుకు పోతాయి. అక్కణ్ణుంచి జాబితా తిరిగొచ్చి, సలహాదారు సంతకంతో నోటీసుబోర్డు ఎక్కితేనే మండలి ఉన్నట్టు. ఆ సలహాదారే మా సారు. వృక్షశాస్త్రం చెప్పేవారు. మండలిలో ఆయనకు ఓటు లేదు. ఆయన చేతిలో ఉన్నదల్లా ఆ ఒక్క సంతకం.

మండలికి గదంటూ లేదు కాబట్టి సమావేశాలు ఆయన లాబ్‌లో జరిగేవి. ఎత్తైన స్టూళ్ళ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. సారు అందరికంటే వెనక, నీళ్ళ సింకు పక్కన కూర్చుని వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటూ వినేవారు. తొక్కలు నేలమీద పడేసేవారు కాదు, చొక్కా జేబులో వేసుకునేవారు. జేబు నిండేసరికి సమావేశం ముగించాలని మాకు తెలుసు. ఎవరైనా ఇంకా సాగదీస్తుంటే జేబు తట్టి చూపించేవారు.

ఆయనకు రెండు పద్ధతులుండేవి. మొదటిది, ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా "చూసొచ్చినావా?" అని అడగడం. ఒకసారి ఒకడు లేచి హాస్టల్ నీళ్ళు కంపు కొడుతున్నాయన్నాడు. "చూసొచ్చినావా?" అన్నారు సారు. "అందరూ అంటాండారు సార్" అన్నాడు వాడు. "అందుర్నీ యాడ పిల్చకొచ్చేదప్పా? నువ్వు చూసినావా?" అన్నారు. సరే, అప్పటికప్పుడు మండలి మొత్తం హాస్టల్ మిద్దె ఎక్కాం. ట్యాంకుకు మూత లేదు. సారు వంగి చూడబోతే కళ్ళద్దాలు బుడుంగుమని అందులో పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వాక అందరం నవ్వాం.

రెండో పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. ఏ విషయం మీద ఓటింగ్ జరిగినా, ఓడినవాళ్ళలో ఒకరు ఆనాటి మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదంతా, పుస్తకంలో రాయాలి. గెలిచినవాళ్ళు చదివి కింద సంతకం పెట్టాలి. ఇదేం చోద్యమని నేను మొదట్లోనే అడిగాను. "గెల్చినోనికి ఆ పొద్దు ఏం ఇనపడదప్పా, చెవుల్లో చప్పట్లే ఉంటాయి. ఓడినోడు గమ్మున కూచోని అన్నీ వింటాంటాడు. వాన్నే రాయనీ," అన్నారు. ట్యాంకు రోజున, నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని వాదించి ఓడిన అబ్బాయే మినిట్స్ రాశాడు. "ట్యాంకుకు మూత లేదు, చూశాం. సలహాదారుగారి కళ్ళద్దాలు పడ్డాయి, అదీ చూశాం," అని రాశాడు. వారంలో మూత వచ్చింది. కళ్ళద్దాలు మాత్రం దొరకలేదు.

ఇక నాకు అర్థంకాని సంగతి. పీజీ రెండో సంవత్సరంలో అధ్యక్ష పదవికి ఇద్దరం నిలబడ్డాం, నేనూ ప్రసన్నా. ఆమెది రాజంపేట, బజారులో అంగడి ఉన్న ఇల్లు. ఎవరితోనైనా నదురూ బెదురూ లేకుండా మాట్లాడేది. ఆమె అడిగింది ఒక్కటే, ఆరుగంటల బస్సు. మా చివరి బస్సు నాలుగున్నరకే వెళ్ళిపోయేది. ప్రాక్టికల్స్ ఉన్న రోజు అమ్మాయిలు ఎండిన చేలగట్ల మీదుగా హైవే దాకా నడవాలి. ప్రసన్న వాళ్ళతో వారంపాటు నడిచి వచ్చింది. అందుకే ఆమె మాట్లాడుతుంటే సారు శెనక్కాయలు ఒలవడం ఆపేశారు. నేను మాట్లాడినప్పుడు ఒలుస్తూనే ఉన్నారు. ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు, ఐకమత్యం గురించి ఏదో.

చీటీలు లెక్కపెడితే ఆమెకు పంతొమ్మిది, నాకు పద్నాలుగు. పద్ధతి ప్రకారం పుస్తకం నా ముందుకొచ్చింది. ఆ అంకెలు నా చేత్తోనే రాశాను. చివర్లో ప్రసన్న సంతకం పెట్టి, "నీ రైటింగు బాగుండాదప్పా," అంది. ఏడుపొచ్చినా నవ్వాను.

పది రోజులకు నోటీసుబోర్డులో జాబితా పెట్టారు. అధ్యక్షుడు: నేను. కార్యదర్శి: ప్రసన్న. కింద సారు సంతకం.

నాలుగుసార్లు చదివాను. టైపు తప్పనుకున్నాను. పైఆఫీసులో ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఈ రోజుకీ నాకు తెలియదు. ఎవరితోనైనా చెప్పించావా అని, ఊళ్ళో నాయకుల వెనక తిరిగే మా చిన్నాన్నను నిలదీశాను. "నాకు మీ యూనివర్సిటీ గేటు యాడుండాదో కూడా తెల్దు," అన్నాడు. బస్సు గొడవ పెట్టే అమ్మాయి పైవాళ్ళకు వద్దనిపించిందేమో. అది నా ఊహే. మరి సారు? పంతొమ్మిదీ పద్నాలుగూ కళ్ళారా చూసిన మనిషి, ఓడినవాడి చేత నిజం రాయించిన మనిషి, ఆ కాగితం మీద సంతకం ఎలా పెట్టారు?

ఆ సాయంత్రమే మా నాయన ఫోన్ చేశాడు. మాది కోసిగి. ఆ ఏడు వానల్లేక అమ్మా నాయనా గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయారు. జాబితా సంగతి చెప్పాను, ఎందుకు చెప్పానో. "అధ్యక్షుడంటే దుడ్లేమన్నా ఇస్తారా?" అన్నాడు. ఇవ్వరన్నాను. "మరేం పని?" అన్నాడు. మీటింగులు పెట్టడమన్నాను. అయినా ఆయన ఫోన్ పక్కన పెట్టి, చేలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "మావోడు యూనివర్సిటీకి ప్రెసిడెంటంట!" అని అరవడం నాకు వినిపించింది. ఎవరో ఈల వేశారు. అమ్మ నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు ఇంకేమీ ఆలోచించాలనిపించలేదు.

మూడో రోజు పాలకోవా డబ్బా పట్టుకుని సారు గదికి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. ఒక్కరే ఉన్నారు.

"లిస్టు చూసినావా?" అన్నారు.

"చూసినా సార్."

"ఏమన్నా చెప్పల్లనా?"

"శానా థాంక్స్ సార్. అంతా మీ దయ," అన్నాను.

ఆయన డబ్బా వైపు చాలాసేపు చూశారు. ఒక్క ముక్క కూడా తీసుకోలేదు. "సరే పోప్పా, క్లాసుకు టైమయితాది," అన్నారు. నా మీద ఆయనకెందుకు కోపం? సంతకం పెట్టింది ఆయనే కదా? మెట్లు దిగుతూ తెగ మథనపడ్డాను.

మొదటి సమావేశంలో, ఓటింగ్ ఏమీ లేకపోయినా, ప్రసన్న పుస్తకం తన ముందుకు లాక్కుంది. "ఓడిపోయింది నేనే గదా సార్, నేనే రాస్తా," అంది. ఏడాది పొడుగునా ఆమే రాసింది, కింద నేను సంతకం పెట్టాను. బస్సు కోసం నేనూ రెండుసార్లు పైఆఫీసుకు వెళ్ళాను, కాదనను. చూద్దామన్నారు. వచ్చి, చూద్దామన్నారని చెప్పాను. "నువ్వు చూసొచ్చినావాప్పా, ఆ పిల్లోళ్ళు నడిచే దోవ?" అన్నారు సారు. లేదన్నాను. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు. ఆ ఏడాది బస్సు రాలేదు.

అలాగని ఆయన నన్ను దూరం పెట్టలేదు. నా ప్రాజెక్టు రిపోర్టు మూడుసార్లు దిద్దారు. లెక్చరరు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే ఫోన్లోనే పకపకా నవ్వి, "పిల్లోళ్ళను కోప్పడొద్దప్పా," అన్నారు. ఆ ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులో విద్యార్థి మండలి అధ్యక్షుడినని రాసుకున్నాను, అదీ ఇక్కడ చెప్పాలి. మా చదువు చివరి రోజుల్లో ఆయన మమ్మల్ని గండికోటకు తీసుకెళ్ళినప్పుడు, లోయ అంచున ఇద్దరమే మిగిలాం. ఇప్పుడడుగుతాను, ఇప్పుడడుగుతాను అనుకుంటుండగానే ఆయన బండ సందులో మొలిచిన ఏదో మొక్క పేరు చెప్పడం మొదలుపెట్టారు. నేను బుద్ధిగా ఆ పేరు రాసుకున్నాను.

పదకొండో రోజు కడపలో ఆయన ఇంటి ముందు శామియానా వేశారు. సభ మొదలుకావడానికి ఇంకా టైముంది. ప్రసన్న టీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పొద్దు సారు ఎందుకు సంతకం పెట్టినాడు? నీకేమన్నా తెల్సా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "నీకు తెల్దా? సంతకం పెట్టకముందే నన్ను పిల్చినాడు. పైనోళ్ళు పేర్లు తిరగేసినారు పాపా, పెట్టనంటే ఈ ఏడు మండలే ఒద్దంటాండారు అన్నాడు. ఆ పిల్లోడొచ్చి నాకొద్దని ఒక ముక్క రాసిస్తే సాలు, నిలబడింది మీరిద్దరే, రెండో పేరు నీదే, వాళ్ళకు ఇంగ దోవ లేదు అన్నాడు. వస్తాడు చూడు, మినిట్స్ వాడే రాసినాడు గదా అన్నాడు."

టీ గ్లాసు కింద పెట్టాను. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగినా. నేను చెప్పి రాయించుకుంటే అది నా ఇష్టమయితాది, వానిదెట్లయితాది అన్నాడు. మూడు దినాలు నీకోసం తలుపు తీసి పెట్టుకోని కూచున్నాడప్పా. నువ్వొచ్చినావు, పాలకోవా ఇచ్చినావంట."

నాకు కోపమొచ్చింది, నిజం చెబుతున్నాను. పోయిన మనిషి మీద, ఆయన ఇంటి ముందే కూర్చుని కోపమొచ్చింది. ఇదేం న్యాయం? ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి చెప్పాపెట్టకుండా పరీక్ష పెడతారా? నా మీద అంత నమ్మకం ఎవరు పెట్టుకోమన్నారు? ఆయన చేసింది తప్పా, మంచిదా? తప్పయితే ఆయనది ఎంత, నాది ఎంత? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"ఒక్క మాట చెప్పింటే పోతాండ్యగదా!" అన్నాను.

"చెప్పింటే నువ్వు ఒద్దనింటావా?" అంది ప్రసన్న. ఆమె గొంతులో కోపం లేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

చేలో మా నాయన వేసిన కేక గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ సారు ఎందుకు చేశారు, సారు ఎందుకు చేశారు అని తల బద్దలు కొట్టుకున్నానే గాని, నేనెందుకు చేశానని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. సిగ్గేసింది.

ఇంతలో మైకులో పిలిచారు. "ముందుగా మన విద్యార్థి మండలి పూర్వ అధ్యక్షులు మాట్లాడతారు," అని నా పేరు చెప్పారు. లేచి వెళ్ళాను. ముందు వరసలో సారు భార్య, అక్కచెల్లెళ్ళు, వెనక పాత విద్యార్థులు, అందరూ నావైపే చూస్తున్నారు.

"నన్ను అధ్యక్షుడని పిల్చినారు," అన్నాను. "మండలి ఓటేసింది నాకు కాదు. ప్రసన్నకు. ఆమెకు పంతొమ్మిది వచ్చినాయి, నాకు పద్నాలుగు. నాకొద్దని నేను చెప్పిండాల్సింది. చెప్పలేదు. ప్రసన్నా, నువ్వు రా. ముందు మాట్లాడాల్సింది నువ్వే."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరు ప్రసన్న, ఎవరు ప్రసన్న అని గుసగుసలు మొదలయ్యాయి. ఆమె లేవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నా వైపే చూస్తూ, రానని మెల్లగా తల అడ్డంగా ఊపింది. మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పటికే ఎండ శామియానా అంచు దాటి ముందు వరస వాళ్ళ కాళ్ళ మీదికి వచ్చింది. వాళ్ళు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కుర్చీలు కొద్దికొద్దిగా వెనక్కి జరుపుకుంటూ, నేనేం చెబుతానా అని చూస్తున్నారు.