కొండ మీద పడ్డది విమానమా, లారీయా

మా ఇంటికి మొదటి విమానం కారు డిక్కీలో వచ్చింది. నా భర్త అరకులో టూరిస్టులకు కారు నడుపుతాడు. గుహలూ జలపాతాలూ కాఫీ తోటలూ తిప్పి, సాయంత్రం రైల్వే స్టేషన్లో దింపుతాడు. అలా దిగిపోయిన ఒకాయన ఒక అట్టపెట్టె మరిచిపోయాడు. ఫోన్ చేస్తే, "ఒకరికి ఇద్దామని కొన్నాను. ఇక అవసరం లేదు. మీరే ఉంచుకోండి" అని పెట్టేశాడట. ఎవరికి, ఎందుకు అవసరం లేకపోయిందో మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తేలలేదు.

పెట్టె మీద మబ్బుల్లో ఎగురుతున్న యుద్ధ విమానం బొమ్మ ఉంది. లోపల మాత్రం విమానం లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్క పక్కన ఒక అంకె. ఏది దేనికి అతకాలో చెప్పే కాగితం ఉంది గానీ, దాని మీది అక్షరాలు ఏ భాషవో మాకు తెలియలేదు.

"ఏటిది? ఇరిగిపోయిందా?" అన్నాడు నా భర్త.

"ఇరగలేదు. ఇంకా కట్టలేదు" అన్నాను.

నేను ఇక్కడి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. మాది సీతంపేట వైపు కొండ ఊరు. ఉద్యోగమూ పెళ్లీ కలిసి నన్ను ఇటు తెచ్చాయి. రక్తపు చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద మలేరియా కోసం వెతకడం నా పని. చిన్న వస్తువును చాలాసేపు చూడటం నాకు కొత్త కాదు. గోళ్ల కట్టర్‌తో ముక్కలు తెంపాను. గోళ్ల ఆకురాయితో అంచులు నున్నగా చేశాను. చెప్పులు అతికించే గమ్ము వాడితే ఒక రెక్క కిందికి వాలిపోయింది, నా బొటనవేలు విమానం తోకకు అతుక్కుపోయింది. అయినా ఆ వంకర విమానాన్ని ఫ్రిజ్ మీద పెట్టుకుని మాటిమాటికీ చూసుకున్నాను.

తర్వాత అసలైన గమ్ము, సన్నని కుంచెలు, రంగులు తెప్పించుకున్నాను. ట్యాంకు చేశాను, మిలటరీ లారీ చేశాను, రెండు ఇంజన్ల పాతకాలపు సరుకు విమానం చేశాను. ఎందుకు చేస్తున్నానో మాత్రం ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. యుద్ధం వార్తలొస్తే ఛానల్ మార్చేసే మనిషిని నేను. అలాంటిది ట్యాంకు చక్రానికి బురద రంగు సరిగ్గా పట్టిందా లేదా అని డ్యూటీ నుంచి రాగానే చీర కూడా మార్చుకోకుండా చూస్తూ కూర్చునేదాన్ని. చర్చిలో ఒకామె అడిగింది, "నీకిలాంటివంటే ఇష్టమా అమ్మా?" అని. ఇష్టమే అనబోయి ఆగాను. కాదనీ అనలేకపోయాను.

ఆ రోజుల్లోనే మా అత్త కళ్ల ఆపరేషన్ కోసం మా దగ్గరికి వచ్చింది. రెండు కళ్లకూ పొరలు కమ్మి, మనిషి ఆకారం తప్ప మొహం పోల్చుకోలేని స్థితి. బీపీ దిగితే గాని ఆపరేషన్ చెయ్యలేమన్నారు. అందుకని కొండ మీది ఊరికి తిరిగి పంపకుండా మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఏమీ తోచక వరండాలో కూర్చునేది. నేను పక్కన స్టూలు వేసుకుని రంగులు వేసుకునేదాన్ని.

"ఏటి సేత్తన్నావు గుంటా? ఆ వాసనేటి?" అని అడిగింది ఒక ఆదివారం.

చెప్పడం కష్టమనిపించి, సరుకు విమానాన్ని ఆమె చేతుల్లో పెట్టాను. రెక్కలు తడిమింది. ఇంజన్లు తడిమింది. ఒంటి మీద వరసగా ఉన్న మేకుల తలలను వేలి కొసతో మెల్లగా నిమిరింది. వెనక్కి వెళ్లి మళ్లీ నిమిరింది.

"ఇది మా కొండ మీద పడినాది" అంది.

"ఏటత్తా?"

"ఈ గాడే. నాను గుంటప్పుడు పడిపోనాది. మా అయ్య దాని రేకు తెచ్చినాడు. ఇప్పటికీ ఇంటికాడ ఉంది."

మా అత్త పుట్టింటి భాష ఒడియా. అందులో గాడి అంటే బండి. లారీ, జీపు, రైలు, అన్నీ ఆమెకు గాడీలే. విమానం కూడా గాడే కావచ్చు. నా భర్త ఆ మాట మొదటిసారి వింటున్నాడు.

"నాకెప్పుడూ సెప్పలేదేటమ్మా?"

"నువ్వడిగినావేటి?" అంది.

ఇక నాకు నిద్ర లేదు. అలాంటి విమానాలు ఈ ఆకాశంలో తిరిగింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. ఆధార్ కార్డు ప్రకారం అప్పటికి మా అత్త పుట్టనే లేదు. కార్డులో పుట్టినరోజు జనవరి ఒకటి. అది ఎవరు రాయించారో ఆమెకు తెలియదు. అయితే కార్డు తప్పు. లేదా విమానం తప్పు. లేదా తండ్రి చెప్పగా విన్నదాన్ని ఆమె చూసినట్టు గుర్తుపెట్టుకుంది. మూడింటిలో ఏదో ఆమెనే అడిగితే, "నాకేటి తెలుసు, నువ్వు సదువుకున్నావు కదా" అంది.

అత్తను పక్కింటివాళ్లకు అప్పజెప్పి మేమిద్దరం ఊరికి వెళ్లాం. రోడ్డు ఉన్నంతవరకు కారు, ఆ తర్వాత కాఫీ మొక్కల మధ్య నడక. పుట్టింటి ఊళ్లోనే ఆమె కాపురం కూడా, ఆమె తమ్ముడిది పక్క ఇల్లు. ఆయన మాకు చోడి అంబలి ఇచ్చి, గాదె మూత తీసి నా ముందు పెట్టాడు. అదే రేకు. తుప్పు పట్టని అల్యూమినియం. ఒక అంచున వరసగా గుండ్రటి రంధ్రాలు, ఒక పక్క ఆకుపచ్చ మరకలు.

"విమానానిదేనా చిన్నాన్నా?" అని అడిగాను.

"ఇమానమేటి? లారీ! మిలట్రీ లారీ. పాత రోడ్డు మీంచి గెడ్డలోకి దొర్లిపోనాది."

"నువ్వు చూశావా?"

"నాను పుట్టనేదు."

"మరి ఎవరు చెప్పారు?"

"మా అప్పే సెప్పినాది" అన్నాడు. అప్ప అంటే మా అత్తే.

రేకును నాలుగు పక్కలా ఫోటోలు తీసుకుని, ఫోన్లో, నాలా ఇలాంటి మోడల్స్ కట్టేవాళ్ల గుంపులో పెట్టాను. ఒకాయన ఇది కచ్చితంగా రెక్క ముక్క అన్నాడు. ఒకాయన లారీ తొట్టి అన్నాడు. ఇంకొకాయన ఇది నీళ్ల ట్యాంకు మూత, మా మేడ మీద ఇలాంటిదే ఉంది అన్నాడు. వాళ్లలో వాళ్లు తగువు పడి, చివరికి రేకు సంగతి వదిలేసి ఆకుపచ్చ రంగు గురించి మాట్లాడుకున్నారు.

నేనేం చెయ్యాలో తోచక, చేతికి తెలిసిన పని చేశాను. సరుకు విమానాన్ని విరగ్గొట్టాను. కొవ్వొత్తి సెగకు రెక్కను మెత్తబరిచి వంచాను. ముక్కును నొక్కాను. ఇంజన్ మీద పొగ మరకలు వేశాను.

"అంత కష్టపడి కట్టి ఇరగ్గొడతన్నావేటే?" అన్నాడు నా భర్త నిజంగానే కంగారుపడి. "ఒంట్లో బాగుందా?"

చెక్క మీద కొండవాలు చేశాను. మట్టికి కాఫీ పిప్పి ఎండబెట్టి చల్లాను. పెరటి గోడ మీది పాచి తెచ్చి అతికించాను. అంతా అయ్యాక విమానాన్ని ఆ వాలు మీద పెట్టి అత్త ఒళ్లో ఉంచాను. ఆమె ముందు వాసన చూసింది. తర్వాత వాలంతా వేళ్లతో తడుముకుంటూ వెళ్లింది.

"మనిసేడి?" అంది.

"ఏ మనిషత్తా?"

"గాడిలో మనిసి. ఆడేడి?"

అంతవరకు మనిషి మాటే ఎవరూ ఎత్తలేదు. నేను కుంచె కింద పెట్టేసి దగ్గరికి జరిగాను. ఆ మనిషి చెట్టు కింద కూర్చున్నాడనీ, వాళ్లమ్మ అంబలి ఇస్తే తాగాడనీ చెప్పింది. రెండు రోజులు పోయాక మళ్లీ అడిగితే, ఆ మనిషి పడుకునే ఉన్నాడు, లేవలేదు అంది. చచ్చిపోయాడా అంటే, "లేదు, కాలికి దెబ్బ" అంది. తెల్లగా ఉన్నాడా, మనలా ఉన్నాడా అంటే, "మట్టి కొట్టుకుపోయి ఉన్నాడు, ఎలాగ తెలుత్తాది" అంది. విమానంతో పాటు వచ్చిన వేలి కణుపంత పైలట్ బొమ్మకు మట్టి రంగు వేసి, కూర్చోబెట్టాలో పడుకోబెట్టాలో తెలియక అగ్గిపెట్టెలో పెట్టి ఉంచాను.

బీపీ దిగింది. విశాఖ తీసుకెళ్లి ఒక కంటికి ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పాక, ఊళ్లో పొయ్యి పొగ తగలకూడదని మళ్లీ మా ఇంటికే తెచ్చాం. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మొదటి రోజంతా నా మొహం, కొడుకు మొహం, గోడ మీది బల్లి, అన్నీ చూసింది. "నువ్వింత నల్లగా ఉంటావనుకోనేదు గుంటా" అని నన్ను చూసి నవ్వింది.

మర్నాడు విరిగిన విమానాన్నీ, మిలటరీ లారీనీ రెండింటినీ ఆమె ముందు పెట్టాను. ఇప్పుడు కన్ను కనబడుతోంది, తేలిపోతుందనుకున్నాను. ఆమె రెండింటినీ తిప్పి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇందులో ఏది పడిందత్తా?"

"పడిందాన్ని నాను సూడనేదు" అంది.

నా భర్త తల పట్టుకున్నాడు. "మరి ఇన్నాళ్లూ సెప్పిందేటమ్మా?"

"ఉండరా. నన్ను సెప్పనీ." చేతులు ఒళ్లో పెట్టుకుంది. "అది పైన పడినాది. ఆడోళ్లని, గుంటల్ని ఎల్లొద్దన్నారు. మనిసిని మా ఇంటికి మోసుకొచ్చినారు. మా అయ్య ఆడికి దారి సూపించడానికి కిందకి ఎల్లినాడు. ఎల్లినోడు రాడు. మిలట్రీ వోళ్లు పట్టుకుపోనారని ఒకలు, పులి తినేసిందని ఒకలు. మా అమ్మ ఏడిసీది. నాను రోజూ దారికాడ కూకునీదాన్ని. దారొక్కటే సూసినాను గుంటా. గాడిని ఎవలు సూసినారు?"

"తర్వాత?"

"ఒచ్చినాడు. ఆ రేకు బుజం మీద ఎట్టుకుని ఒచ్చినాడు."

"కింద నుంచా, పై నుంచా?"

"కింద నుంచి" అంది. ఏమాత్రం తడుముకోలేదు.

నేనూ నా భర్తా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రేకు కింద నుంచి వస్తే, పైన పడ్డదానికీ ఆ రేకుకూ సంబంధమేమిటి? దారిలో దొరికిందా, ఎవరైనా ఇచ్చారా? ఇన్నాళ్లు నేను కొలిచిందీ, రంగు పోల్చిందీ దేన్ని? అడుగుదామని నోరు తెరిచాను. కానీ ఆమె నల్లద్దాల వెనక నుంచి వీధి గేటు వైపే చూస్తూ ఉంది. విమానాన్నీ లారీనీ తీసి లోపల పెట్టేశాను.

లారీ పెట్టెలో వచ్చిన సైనికుల బొమ్మలు కొన్ని మిగిలి ఉన్నాయి. చూపుడు వేలంత పొడుగుంటాయి. ఒకటి తీసి, బ్లేడుతో హెల్మెట్ చెక్కేశాను. చొక్కా గుండీలు, బెల్టు, జేబులు గీకేశాను. బూట్లతోనే కష్టమైంది. బూటులోంచి పాదం తియ్యడం, దానికి వేళ్లు పుట్టించడం. ఒక కాలు రెండుసార్లు విరిగింది. నడుముకు మైనంతో గోచీ కట్టాను. ఒంటి రంగు కోసం నా భర్త చెయ్యి పక్కన పెట్టుకుని గోధుమరంగులు కలిపాను. భుజం మీదికి మాత్రలు వచ్చే స్ట్రిప్పు రేకును కత్తిరించి, అంచున సూదితో రంధ్రాలు పొడిచాను. వెళుతున్నట్టు పెట్టాలా, వస్తున్నట్టు పెట్టాలా అని ఆలోచించి, రేకు ఉంది కదా, వస్తున్నట్టే అనుకున్నాను.

అత్త దాన్ని అరచేతిలో నిలబెట్టుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఆ కన్ను ఇంకా ఎర్రగానే ఉంది.

"నవ్వుతన్నాడు" అంది చివరికి.

నేను నవ్వు వేయలేదు. మళ్లీ చూశాను. పెదవుల దగ్గర రంగు కొంచెం పక్కకు జారినట్టుంది.

"సరిచేస్తానత్తా, ఇలా ఇవ్వు."

"వొద్దు" అంది, పిడికిలి మూసేసి. "మా అయ్య నవ్వీవోడు కాదు. ఉండనీ."

నవ్వని మనిషి నవ్వుతూ ఉండటం బాగుందంటోందా, బాగోలేకపోయినా ఊరుకుంటోందా, నాకు అర్థం కాలేదు. ఆమె ఊరికి వెళ్లేటప్పుడు దాన్ని చుక్కలమందు పెట్టెలో దూది వేసి పెట్టుకుంది.

ఒక వారం తర్వాత అత్త తమ్ముడు ఫోన్ చేశాడు. "బొమ్మ బాగుంది గానీ, మా అయ్య ఇంత పొడుగు కాదు" అన్నాడు. వెనక నుంచి మా అత్త గట్టిగా ఏదో అంది. ఇద్దరూ ఒడియాలో దెబ్బలాడుకున్నారు. నాకు సగమే అర్థమైంది. తగువు ఆగాక ఆయన గొంతు తగ్గించి, వాళ్ల పక్కింటామె కూడా ఆ బొమ్మను చూసిందనీ, చనిపోయిన వాళ్లమ్మను అలాగే చేసి ఇస్తావా అని అడుగుతోందనీ చెప్పాడు. ఫోటో ఏమీ లేదట. ఎలా ఉండేదంటే, వంగి ఉండేది, ఎప్పుడూ తొందరలో ఉండేది అన్నారట.

ఇప్పుడు నా బల్ల మీద ఒక ట్యాంకు సగంలో ఆగి ఉంది. దాని చక్రాలు అతకలేదు. దానితో వచ్చిన సైనికుల్లో తుపాకీ పట్టుకుని ముందుకు వంగి పరిగెడుతున్నవాడు ఒకడున్నాడు. వాడి నడుము వంపు చూస్తుంటే ఆ ముసలమ్మ అయ్యేట్టే ఉన్నాడు. తుపాకీ తీసేస్తే ఆ చేతుల్లో ఏం పెట్టాలో ఫోన్ చేసి అడగాలి. ఆమె కూతురు ఒకటి చెబుతుంది, మా అత్త ఇంకొకటి చెబుతుంది. బ్లేడు మాత్రం తీసి పక్కన పెట్టుకున్నాను.