మామ నోట రాని శాపం

నాటకాలు ఆడి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. వాళ్లంతా మర్యాదస్తులు, ఎవరి ఇల్లు వాళ్లే గుల్ల చేసుకున్నారు. నేను అలా కాదు. ఒకే ఒక్క నాటకం ఆడించి, మా ఇంటి పెంకు ఒక్కటి కూడా కదలకుండా, మా మేనమామ మగ్గాన్ని నిలువునా ముంచాను. అదీ పట్టపగలు, ఊరందరి ముందు, చప్పట్ల మధ్య. ఈ కథ చెబితే మా ఇంట్లో కొందరు నవ్వుతారు, కొందరు లేచి లోపలికి పోతారు. మీరు ఏ రకమో చివరికి మీకే తెలుస్తుంది.

అప్పుడు పెద్ద యుద్ధం జరుగుతోంది. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల, కరువు మాత్రం మా గద్వాలలో. గ్యాసునూనె లేదు, చక్కెర లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా నూలు లేదు. అసలే లేదంటే అబద్ధం, సావుకారు కొట్లో ఉంది. తలుపు సందులోంచి తొంగి చూసినవాళ్లు లోపల వాసాల దాకా నూలు కట్టలే ఉన్నాయని చెప్పేవారు. కొంటామంటే ఒక్క కట్ట అమ్మడు. కావాలంటే ఆయన నూలు తీసుకుని, ఆయనకే నేసి, ఆయన ఇచ్చిన కూలితో బతకాలి. దీనికి మా వీధిలో కాగితం, సంతకం ఏమీ ఉండేవి కావు. నలుగురూ చూస్తుండగా సావుకారు నూలు చేత్తో అందుకుంటే చాలు, ఆ రోజు నుంచి ఆ మగ్గం సావుకారుది. అలా అందుకున్నవాడు మళ్లీ సొంతంగా నేసి అమ్ముకోవడం మా వీధి ఎరగదు.

ఒక్కొక్కరే అందుకున్నారు. మిగిలింది మా సాయన్న మామ. నూలు చీరకు పట్టు అంచు కలిపితే ఆ కలిపిన చోటు వేలితో తడిమినా తెలిసేది కాదు. అంత పనిమంతుడికి నెలల తరబడి మగ్గం ఖాళీ. అయినా సావుకారు గడప తొక్కలేదు. పాత పడుగు చివరి పోగులను మగ్గానికే ఉంచి, రోజూ పొద్దున వాటి మీద దుమ్ము దులిపేవాడు. కొత్త పడుగు వస్తే దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత పోగులకే అతకాలి. అవి తీసేశాడంటే నేత మానుకున్నట్టే లెక్క.

"తీసెయ్యరాదు, ఎలుకలు కొడుతున్నయి" అనేది అత్త.

"ఉండనీ. ఎప్పటికన్న నా నూలు నాకొస్తది" అనేవాడు మామ.

అత్త పొయ్యి దగ్గరికి పోయి, జొన్న గటకలో ఇంకో చెంబు నీళ్లు పోసేది.

సరిగ్గా ఆ సమయంలో నేను పట్నంలో చదువు వెలగబెట్టి ఊళ్లో దిగాను. చదువు పూర్తయి కాదు, తెచ్చుకున్న డబ్బు పూర్తయి. చేతిలో సర్టిఫికెట్ లేదు గాని తల నిండా నాటకాలే. పట్నంలో ఒకచోట పాతకాలపు రాజుకు కోటు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టి ఆడారు. అది చూసినప్పటి నుంచి కిరీటం పెట్టుకున్న ప్రతివాడూ నాకు ఎవరో ఒక సావుకారులాగే కనిపించసాగాడు.

మా వీధికి ఒక పాత ఆట ఉండేది, 'రాతిగాదెల రాజు' అని. మామ తండ్రి కాలంలో ఆడేవారట. ఆ తర్వాత ఎవరూ దాని మొహం చూడలేదు. మొత్తం నోటికి వచ్చినవాడు మామ ఒక్కడే మిగిలాడు. కరువులో రాజు గాదెలు మూసేస్తాడు. ఒక పేదవాడు ఆకలితో ఉన్న బిడ్డ కోసం దోసెడు గింజలు అడుగుతాడు. రాజు పొమ్మంటాడు. అప్పుడు పేదవాడు లేచి శపిస్తాడు. గాదెల్లో ధాన్యమంతా రాళ్లయిపోతుంది. రాజు నడుచుకుంటూ వచ్చి ఆ పేదవాడి గడప ముందే చేయి చాస్తాడు. ఆటకు ప్రాణమంతా ఆ శాపం పద్యమేనట. తన తండ్రి అది చదివితే ముందు కూర్చున్న పెద్ద పెద్ద ఆసాములు తలలు దించుకునేవారని మామ చెప్పేవాడు. నన్ను వినిపించమంటే మాత్రం వినిపించేవాడు కాదు.

"ఇంట్ల కూసోని చదివే పద్యం గాదు అల్లుడా అది. గజ్జె కట్టినంకనే నోట్లకొస్తది."

ఇక నా తెలివి చూడండి. రాజుకు షేర్వాణీ తొడుగుదాం. గాదెలు తీసేసి నూలు కొట్టు పెడదాం. పేదవాణ్ణి నేతగాణ్ణి చేద్దాం. అసలు సావుకారును ముందు వరుసలో కూర్చోబెడదాం. శాపం చెవిన పడగానే ఆయన సిగ్గుతో కుంగిపోయి, మర్నాడే కొట్టు తెరిచి నూలు బజారులో అమ్ముతాడు. మామ తన నూలు తాను కొనుక్కుని, ఆ పాత పోగులకు అతికించుకుంటాడు. ఇదీ పథకం. అప్పుడే నవ్వకండి, నవ్వాల్సిన చోటు ఇంకా ముందుంది.

మామ అంతా విన్నాడు. "ఆడుదాం. గొంతు ఉండంగనే ఆడుదాం. గని కట్నాల సంగతేంది?"

ఇది పెళ్లి కట్నం కాదు. మా ఆటల్లో చూసేవాళ్లు మెచ్చి బట్టో గింజలో ఇస్తే దాన్నే కట్నం అంటారు. కట్నం వచ్చిందంటే ఆట ఎక్కడున్నా ఆగాలి. వేషగాడు దాన్ని చేత్తో అందుకుని, ఇచ్చినవాడి పేరు, ఇంటిపేరు, తాత పేరు చదివి, చల్లగా ఉండమని దీవించాలి. కత్తి ఎత్తి ఉన్నవాడైనా కత్తి దించి దీవించాల్సిందే. ఆ తర్వాతే మళ్లీ ఆట.

"ఈపాలి కట్నాలు వద్దని ముందుగాలనే చెప్పుదామా?" అన్నాడు మామ.

నాలోని పట్నం లేచి కూర్చుంది. "అదెట్ల మామా? పాత ఆట గద. బట్టలు మారుస్తం గని పద్ధతి మార్చొద్దు. పద్ధతి మారిస్తే ఇంక అది పాత ఆట ఎట్లయితది?"

"చదువుకున్నోనివి. నీకే ఎర్క" అన్నాడు మామ. నాకు ఏమీ ఎరుక లేదన్న సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

రాజు వేషానికి దర్జీ ఖాజామియా ఒప్పుకున్నాడు. మనిషి వాసంలా సన్నగా ఉంటాడు కాబట్టి పొట్టకు దిండు కట్టాం. షేర్వాణీ ఎవరిదో, అతని దగ్గరికి కుట్టడానికి వచ్చింది, ఇంకా కచ్చా కుట్ల మీదే ఉంది. "నన్ను జర దూరంగ నిలబడి తిట్టుమను. మీద పడితే చేతులు ఊడి కింద పడుతయి, పరాయోని బట్ట" అని మామకు చెప్పమని నన్ను బతిమాలాడు.

సావుకారును పిలవడానికి నేనే స్వయంగా వెళ్లాను. ఆయన ఆకు నములుతూ, "ఏం ఆట?" అన్నాడు.

"రాతిగాదెల రాజు."

"మా నాయిన చెప్పేటోడు. ఆఖరుకు రాజు అడుక్కుంటడు, గదేనా?"

"గదే."

"మంచిది. కట్నాలు చదివిస్తరా మరి?"

"చదివిస్తం సావుకారు. బట్టలే మారుస్తున్నం. పద్ధతి తప్పం."

"తప్పొద్దు. పద్ధతి తప్పితే ఇంక ఆటేముంటది" అని ఆయన నవ్వాడు. కళలంటే ఎంత ప్రేమో అని మురిసిపోతూ ఇంటికి వచ్చాను.

దీపాలకు నూనె లేదు కాబట్టి పొద్దు ఉండగానే ఆట పెట్టాం. గట్టు, వడ్డేపల్లి ఊళ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఎండకు మొహాల మీద రంగు కారి మెడ దాకా వచ్చింది. ఖాజామియా దిండు జారి ఒకసారి కుడి పక్కకు, ఒకసారి ఎడమ పక్కకు పోయింది. జనం కడుపుబ్బ నవ్వారు. ముందు వరుసలో మంచం మీద కూర్చుని సావుకారు కూడా నవ్వాడు, అందరికన్నా ఎక్కువగా.

అప్పుడు మామ వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టి, ఒక్క పడుగుకు సరిపడా నూలు అడిగాడు. జనంలో నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎంత బాగా నటిస్తున్నాడు అనుకున్నాను తెర వెనక నుంచి. ఆయన నటించడం లేదని తెలియడానికి ఒక మనిషికి ఎంత తెలివి కావాలి? అంత కూడా నాకు లేదు.

"నడువ్" అన్నాడు ఖాజామియా, దిండు పట్టుకుని.

మామ లేచాడు. గజ్జెలు ఒక్కసారి గల్లుమన్నాయి. కుడిచేయి పైకెత్తాడు. నోరు తెరిచాడు. సావుకారు కూడా చేయెత్తాడు. ఆయన జీతగాడు వచ్చి మామ కాళ్ల ముందు ఒక నూలు కట్ట పెట్టాడు.

మామ ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. తెర వైపు చూశాడు. "అల్లుడా" అన్నాడు మెల్లగా.

"శాపం, మామా. శాపం చదువు."

"కట్నమొచ్చింది గదరా. ఇచ్చినోన్ని శపిస్తరా?"

వంగి నూలు కట్ట అందుకున్నాడు. వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది. అది నా నాటకం గొప్పతనం అనుకున్నాను. మామ గొంతు సవరించుకుని సావుకారు పేరు, ఇంటిపేరు, తాత పేరు చదివి, పాడిపంటలతో, పిల్లాపాపలతో చల్లగా ఉండమని రాగం తీసి దీవించాడు. ఎంత మంచి గొంతో ఆయనది. చప్పట్లు మారుమోగాయి.

దీవెన అయింది. మామ మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ చేయెత్తాడు. సావుకారు కూడా మళ్లీ ఎత్తాడు. ఇంకో కట్ట. ఈసారి సావుకారు ముత్తాత దాకా వెళ్లింది దీవెన. మళ్లీ శాపానికి చేయెత్తడం, మళ్లీ కట్ట. మధ్యలో ఖాజామియా తెర దగ్గరికి జరిగి, "ఏమయ్యా, నేను ఎప్పుడు అడుక్కోవాలె? నిలబడి నిలబడి పరేషాన్ అయితున్న" అన్నాడు. ఇలా దీవిస్తూ దీవిస్తూ ఉండగానే పొద్దు కూకింది. వెలిగించడానికి దీపం లేదు. శాపం నోట్లోనే ఉండిపోయింది, రాజు అడుక్కోకుండానే ఆట ముగిసింది.

సావుకారు మంచం మీద నుంచి లేచాడు. "భేష్ సాయన్నా, మంచిగ దీవించినవ్. నూలు అందింది గద. రేపటి సంది పడుగు ఎక్కియ్యి, చీరలు మా కొట్టుకు తే."

అప్పటికి గాని నాకు వెలగలేదు. ఒక్క దూకులో తెర దాటి వచ్చాను. "అది కట్నం సావుకారు. కూలి నూలు గాదు."

"కట్నమో కూలో, నూలు నాదే గద. చేత్తోని అందుకున్నడా లేదా? వీధినే అడుగు."

వీధి వైపు చూశాను. అందరూ తలలు దించుకున్నారు. వాళ్లంతా ఏదో ఒక రోజు అలా అందుకున్నవాళ్లే.

"పద్ధతి తప్పమని నువ్వే అంటివి గద" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

"తిరిగిచ్చేద్దాం మామా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"దీవించి తీస్కున్నది తిరిగియ్యరు అల్లుడా" అని మామ కూర్చుని గజ్జెలు విప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మామ మగ్గం ముందు కూర్చుని, సావుకారు నూలు పోగులను తన పాత పోగులకు అతికాడు. అత్త ఎదురుగా కూర్చుని పోగులు అందించింది. నేను గడపలో కూర్చున్నాను. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆ ఇంట్లో ఆ రోజు గటక చిక్కగానే వండారు.

తర్వాతి ఏడాది సావుకారే కబురు పంపాడు, ఆ ఆట మళ్లీ ఆడించమని. ఖర్చంతా తానే పెట్టుకుంటాడట. "దీవెన దాంక ఆడుండ్రి, చాలు. అవతలిది ఎట్లయినా ఎవలూ వినలే గద" అన్నాడట. మామ గజ్జె ముట్టలేదు. ఆ శాపమైనా నాకు నేర్పమని చాలాసార్లు అడిగాను.

"అంతసేపు దీవించిన నోరు అల్లుడా ఇది. ఇంక దీనికి ఆ పద్యం రాదు" అన్నాడు.

నిజంగానే రాలేదు. మామ పోయాడు, పద్యమూ ఆయనతోనే పోయింది. మా ఊరి నుంచి ఒక గొప్ప పద్యాన్ని లేకుండా చేసిన ఘనత నాదే.

ఆ తర్వాత నేను నాగర్‌కర్నూలులో పంతులుగా కుదురుకున్నాను. ఒకసారి వనపర్తి నుంచి నలుగురు యువకులు వచ్చి, ఉన్నవాళ్లకు బుద్ధి చెప్పే నాటకం వేస్తున్నామని, నన్ను పెద్దగా ఉండి నడిపించమని అడిగారు. వాళ్లకు మజ్జిగ ఇచ్చి, మామను తలుచుకుని, వాళ్ల ఎదుటే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో నాటకం జోలికి పోను. ఒకవేళ గ్రహచారం బాగాలేక పోవాల్సి వస్తే, ఆటను శాపంతోనే మొదలుపెట్టిస్తాను, ముందు వరుస ఆసామి ఇంకా మంచం మీద సర్దుకుని కూర్చోకముందే.