ప్రార్థన మనవుల పట్టిక

ఒళ్లు సహకరించని రోజున కూడా మళ్లీ లేచి నిలబడేంత బలమిస్తున్న నా దేవునికి స్తోత్రం. ఈ మధ్య అంతకు మించి అడగడం లేదు.

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు డేటాబేస్ చెబుతాను. ఏళ్లుగా పాఠం అదే, పుస్తకంలోని నమూనా పట్టికా అదే: ఎవరో విదేశీ ఉద్యోగులు, వాళ్ల శాఖలు, వాళ్ల నగరాలు.

"మేడం, ఈ డల్లాస్ కొత్తవలసకి ముందొస్తాదా, దాటినాకొస్తాదా?" అని వెనక వరుసలో ఒకడు అడిగితే ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెలిసిన ఊళ్లుంటే పాఠం తలకెక్కుతుందనిపించింది. సొంతంగా కల్పించబోతే ఇరవై వరుసలకే ఓపిక అయిపోయింది. అందరికీ ఒకే వయసు, ఒకే పని వచ్చాయి.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చేవాళ్ల మనవులు పుస్తకంలో రాసేది నేనే. ఊరు, పని, ఇంట్లో ఎవరెవరు, కష్టం ఏమిటి. పైకి చదివేటప్పుడు పేరు చెప్పం. "భోగాపురం వైపు నుంచి ఒక సహోదరి" అంటే చాలు, అందరూ మోకరిస్తారు. ఎవరా అని ఎవరూ తల తిప్పరు. ఆ అలవాటుకొద్దీ పేర్లు తీసేస్తే సరిపోతుందనుకున్నాను. మిగతాదంతా ఉన్నదున్నట్టు పట్టికలోకి ఎక్కించి, కల్పితమని పిల్లలకు చెప్పాను.

ఆ రోజు పాఠం, కావలసిన వరుసలను మాత్రమే వెతికి తీయడం. ఎవరి ఊరు వాళ్లు పెట్టి చూడమన్నాను. భోగాపురం దగ్గరి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చే అమ్మాయి తెర ముందు కదలకుండా కూర్చుంది. ఒక్కటే వరుస వచ్చింది. చేపల అమ్మకం. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దమ్మాయి డిగ్రీ. రొమ్ములో గడ్డ, ఇంట్లో చెప్పలేదు.

"మా ఊర్నుంచి డిగ్రీకొచ్చీది నానొక్కద్దాన్నే మేడం," అంది మెల్లగా. "ఇది మా అమ్మేనా?"

కల్పితమని రెండోసారి అబద్ధం చెప్పలేదు. తలూపాను. శుక్రవారం మా సంఘంలో ప్రార్థనకు వచ్చి రాయించిందని చెప్పాను.

"సంతకెల్తన్నానని సెప్పీది. మీకు తెలుసు, మీ సంగానికి తెలుసు, ఈ ల్యాబందరికీ సూపించీసినారు. నాకే తెల్దు."

ఆ పట్టికను అన్ని కంప్యూటర్లలోంచీ తీసేశాను. క్షమించమ్మా అన్నాను. ఆ పిల్ల సంచి తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

తరువాతి శుక్రవారం తల్లి వచ్చింది. ఇక రాదనే అనుకున్నాను.

"ఏటమ్మా, దేవుడికి సెప్పమంటే కంప్యూటర్‌కి సెప్పీసినావా?" అంది. ఆమే మళ్లీ అంది: "ఏడిసి ఏడిసి, నా కూతురు పెద్దాసుపత్రికి లాక్కెల్లింది. ముక్క తీసి పరీచ్చకి పంపినారు."

అలవాటుగా నా చెయ్యి పుస్తకం మీదికి పోయింది.

"రాయకు," అంది. "మోకాళ్లెయ్యి, సాలు."

ఇద్దరం మోకరించాం. పక్కన ఆమే ప్రార్థించింది, కూతురి కోసం.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఇక్కడ భోగాపురం అని రాశాను గానీ ఆమె ఊరు అది కాదు. ఆమెను అడిగే మార్చాను. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి, ఆ తల్లి కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఈ వారం నా ఒక్కదాని బలం చాలడం లేదు.