డెబ్బై ఆరు సీసీల హెడ్డు

1977 చలికాలంలో నేను మస్కట్ దగ్గర ఘాలాలోని ఒక గ్యారేజీలో ఫోర్‌మన్‌గా చేరాను. అప్పటికి ఘాలా అంటే నాలుగు రేకుల షెడ్లు, వాటి వెనక మా రూములు, మిగతాదంతా దుమ్ము. ఫోర్‌మన్ అంటే మెకానిక్కుల పైన, మేనేజరు కింద. పని చెడితే నాది, కుదిరితే మేనేజరుది. ఆ మేనేజరు గుంటూరు మనిషి చలపతిరావు గారు. ఒమన్ రాకముందు స్కూటర్ల షోరూములో అమ్మకాలు చూసేవారు. మాట తీరు బాగుండేది, ఇస్త్రీ మరీ బాగుండేది. ఇంజిన్ మూత తీసి చూసిన పాపాన మాత్రం పోలేదు.

గ్యారేజీ యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్లం. ఆయనకు ఎనిమిది సిలిండర్ల అమెరికన్ కారు ఒకటి ఉండేది. వారమంతా అందులోనే రువీలోని ఆఫీసుకు వెళ్లేవారు. శుక్రవారం అదే కారుతో బర్కా అవతల గట్టి నేల మీద బావమరిదితో పందెం వేసి, ఓడి వచ్చేవారు. చివరికి, సిలిండర్ హెడ్ల సంగతి చూసి ఆ బావమరిది నోరు మూయించాలని మాకు హుకుం అయింది.

హెడ్ అంటే ఇంజిన్ మీద బిగించే బరువైన ఇనుప మూత. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే దారులు, పొగ బయటికి పోయే దారులు, వాల్వులు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కో సిలిండర్‌కు ఎదురుగా అందులో ఒక గుంట ఉంటుంది, దాన్ని ఛాంబర్ అంటాం. పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కేది ఆ గుంటలోకే. గుంట చిన్నదైతే నొక్కుడు ఎక్కువ, బలమూ ఎక్కువ. మరీ చిన్నదైతే అక్కడి ఎండలకు ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది. కారుతో వచ్చిన హెడ్లలో గుంట అరవై నాలుగు సీసీ. వాటికే వాల్వులు ఆనుకునే సీట్లు కొత్తగా కోసి, దారులు నున్నగా చేస్తే ఆఫీసుకూ పందేనికీ రెంటికీ సరిపోతాయని నేను చెప్పాను.

చలపతిరావు గారు కేటలాగు తిరగేసి, దారులు బాగా వెడల్పుగా, గుంట డెబ్బై ఆరు సీసీ ఉన్న కొత్త హెడ్ల మీద వేలు పెట్టారు. స్కూటర్ల కొట్లో ఆయన నేర్చిన విద్య ఒక్కటే. సీసీ పెరిగితే బండి పెద్దది, ధర పెద్దది, కొన్నవాడు పెద్దమనిషి. ఇది ఇంజిన్ సీసీ కాదండీ, హెడ్డు లోపలి ఖాళీ అని చెప్పబోయాను.

"ఏవయ్యా ప్రభుదాసూ, డెబ్బై ఆరు ఎక్కువా, అరవై నాలుగు ఎక్కువా? ఆ మాత్రం లెక్క నాకూ వచ్చులే," అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన వెళ్లి అర్బాబ్‌తో హిందీలో 'బడా హెడ్' అని చెప్పి వచ్చారు. బడా అన్న మాట కాదనే యజమానిని నేను ఏ దేశంలోనూ చూడలేదు.

హెడ్లు వచ్చాయి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన యాదగిరి అనే మెకానిక్కు వాటిని బిగించాడు. బిగింపు కొలిచే రెంచి మీద ముల్లు చూస్తూ, మధ్య బోల్టుల నుంచి అంచులకు వరుసగా బిగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. కారు గర్జించడానికి బాగానే గర్జించింది. కదలమంటేనే మొహమాటపడింది. వెడల్పు దారుల్లో గాలి నింపాదిగా వస్తోంది, గుంట పెద్దదై నొక్కుడు తగ్గింది. రువీ రౌండబౌట్‌లో కారు ఆగిపోతే, కాళ్లదాకా దిగే తెల్లటి దిష్‌దాషా అంగీలో ఉన్న అర్బాబ్ దిగి, ఒక నీళ్ల ట్యాంకర్ డ్రైవరుతో కలిసి తోసుకున్నారు. శుక్రవారం బావమరిది గీత దాటి, కారు దిగి, సిగరెట్టు ముట్టించాక మనవారు చేరారు.

శనివారం పొద్దున్నే చలపతిరావు గారు తేల్చేశారు. హెడ్లు బంగారం, బిగింపు తప్పు. శిక్షగా యాదగిరి సెలవు రద్దు. రెండేళ్లు పనిచేసి, ఇంటికి వెళ్లడానికి పెట్టె కూడా సర్దుకున్న మనిషి అతను. పాస్‌పోర్టు మేనేజరు బీరువాలో ఉంది.

"రెంచి మీద ముల్లు నువ్వే జూసినవ్ గద సార్," అన్నాడు యాదగిరి. "నేనొచ్చినప్పుడు నా కొడుకు పొత్తిళ్లల్ల ఉండె. ఇప్పుడు ఉరుకుతుండట. ఇంకో ఏడాదంటే నన్ను జూసి ఎవరని అడుగుతడు."

నాకు ఒళ్లు మండింది. పైవాళ్ల తప్పు కిందికి జారడం నాకు కొత్త కాదు. కానీ ఆ బిగింపు నా కళ్ల ముందు జరిగింది. నేరుగా వెళ్లి మేనేజరుది తప్పు అందామంటే నా పాస్‌పోర్టూ ఆ బీరువాలోనే ఉంది. అందుకని, కారణమేమిటో కొలిచి చూపిస్తానని మాత్రం అర్బాబ్‌కు చెప్పాను.

మా ఆవిడ సలోమి మస్కట్‌లోనే ఒక ఆస్పత్రిలో నర్సు. అక్కడ మూలపడ్డ పెద్ద గాజు సిరంజి ఒకటి అడిగి తెచ్చిచ్చింది. పాత హెడ్డునూ, ఇంజిన్ నుంచి విప్పిన కొత్త హెడ్డునూ గుంటలు పైకి వచ్చేలా బల్ల మీద తిరగేశాను. వాల్వులు మూసి, ప్లగ్గు బిగించి, గుంట అంచుకు గ్రీజు రాసి, పైన చిల్లున్న ప్లాస్టిక్ పలక పెట్టి, ఆ చిల్లులోంచి సిరంజితో కిరసనాయిలు వదిలాను. పాత గుంట నిండింది. కొత్త గుంటలో సరిగ్గా అంతే పోస్తే నిండలేదు. పలక కింద పెద్ద గాలి బుడగ మిగిలిపోయింది.

అర్బాబ్ వంగి చూశారు. ఆయన చేతిలో కహ్వా ఉంది. అక్కడ ఆ కాఫీ పిడికిట్లో ఇమిడే కప్పులో, అదీ అడుగున కాస్తే పోస్తారు. ఆయన తన కప్పు వంక, బల్ల మీదున్న మా టీ గ్లాసు వంక చూసి, కాఫీని గ్లాసులోకి ఒంపారు. అడుగు తడిసింది, అంతే.

"ఇలా ఇస్తే అతిథి నన్ను తిడతాడు," అన్నారు హిందీలో. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "మరి ఇంత ఖాళీని కొన్నదెవరు?" అని అడిగారు.

చలపతిరావు గారికి సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఫోన్ మోగినట్టు వినిపించింది. మాకెవరికీ వినిపించలేదు.

నేను చెప్పిన మరమ్మతులతో పాత హెడ్లే మళ్లీ ఎక్కాయి. యాదగిరే బిగించాడు, అదే రెంచి, అదే వరుస. శుక్రవారం సిగరెట్టు ముట్టించే వంతు అర్బాబ్‌ది. బర్కా నుంచి వస్తూనే ఆయన బీరువా తెరిపించారు. యాదగిరి ఊరు చేరితే, కొడుకు మొదట తలుపు చాటుకు పోయి, సాయంత్రానికి బాపూ అన్నాడట.

చలపతిరావు గారికి ఏమీ కాలేదు. పాత హెడ్లకు మారాలన్న ఆలోచన తనదేనని చెప్పుకుని, మరుసటి ఏడు అర్బాబ్ గ్యారేజీలన్నిటికీ హెడ్ అయ్యారు. ఆ కబురు చెబితే సలోమి, సిరంజి మళ్లీ తెమ్మంటారా అని అడిగింది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇదే. హెడ్డును ఎంచుకునేటప్పుడు ఎంత పెద్దదని చూడకూడదు, లోపల ఖాళీ ఎంతో కొలవాలి, అదీ పైన కూర్చోబెట్టకముందే కొలవాలి. ఇంజిన్ల విషయంలో రిటైరయ్యేదాకా అలాగే చేశాను. కంపెనీల విషయంలో ఆ కొలత నా డ్యూటీలోకి రాదు.