కళ్ళద్దాల మీద వెలుగు

ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని సెన్యా దీవిలో ఎవరికైనా బిడ్డ పుట్టి, ఇంటిల్లిపాదినీ తామే ఫొటో తీసుకోవాలన్న సరదా పుట్టిందంటే, వాళ్ళు ముందుగా తురీద్ ఇంటి తలుపు తడతారు. ఏ దీపం కొనాలో చెప్పమంటారు. తురీద్‌కి ఇప్పుడు డెబ్బై దాటింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"పిన్నీ, ఇదిగో చూడు. మూడు ఫ్లాష్‌లు, మూడు స్టాండ్లు, వాటి ముందు పట్టే రెండు గొడుగులు. అన్నీ కలిపి చవగ్గానే వస్తున్నాయి," అని మొన్న ఒక పిల్లతల్లి ఫోన్ చూపించింది.

"గొడుగులెందుకే, నీ మొగుడు తడుస్తాడనా? ఒక్క దీపం చాలు. వేస్తే వెలుగుతూ ఉండే రకం కొను. ముఖం మీద నీడ ఎక్కడ పడుతోందో నీ కళ్ళతో నువ్వే చూసుకుంటావు. ఫ్లాష్ అయితే తటాల్న వెలిగి ఆరిపోతుంది, కొత్తలో నీకేం అర్థమవుతుంది? దీపానికీ మనిషికీ మధ్య తెల్ల దుప్పటి ఒకటి వేలాడదియ్యి. ఇంత దీపం కిటికీ అంత అవుతుంది. ఇంతకన్నా చవగ్గా దేవుడు కూడా ఇవ్వడు, పో."

ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. తురీద్ మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయింది. దుప్పటి మాట ఎత్తితే చాలు, ఆమెకు వాళ్ళమ్మ బోర్గిల్ గుర్తొస్తుంది. ఆ రోజులు మళ్ళీ రమ్మంటే వస్తాయా?

అప్పుడు తురీద్‌కి నలభై నిండలేదు. ఊరి చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసే బల్ల దగ్గర పని. పొద్దస్తమానం కత్తి పట్టుకుని నిలబడాలి. కెమెరా సంగతంటారా, పెళ్ళికి ఎవరో ఇస్తే బీరువాలో పడి ఉండేది. దాని మీద ఆమెకు ప్రత్యేకమైన మోజేమీ లేదు.

ఆ ఏడు శీతాకాలం చివర్లో వాళ్ళ నాన్న హెర్లైఫ్ పోయాడు. హాల్లో సొరుగుల బల్ల మీద కొవ్వొత్తి పక్కన ఆయన ఫొటో పెట్టాలని బోర్గిల్ మంచి చట్రం కొనుక్కొచ్చింది. ఫొటోలు దాచిన బిస్కెట్ల డబ్బా తీసి, తల్లీకూతుళ్ళు నేల మీద కూర్చుని అన్నీ పరిచారు. తురీద్ ఒక్కొక్కటీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఏ ఫొటోలోనూ నాన్నకి కళ్ళు లేవు. దళసరి కళ్ళద్దాల మీద ఫ్లాష్ వెలుగు పడి, కళ్ళుండాల్సిన చోట రెండు తెల్ల మచ్చలు.

అలా ఎందుకైందంటే, ఆ ఇంట్లో ఫొటోలన్నీ క్రిస్మస్‌కి తీసినవే. వేసవిలో వెలుతురుకి కరువేముంది, సూర్యుడు అస్తమించనే అస్తమించడు. కానీ మనుషులుండరు. ఒకడు చేపల ఓడ మీద, ఒకడు సరుకుల ఓడ మీద, ఇంకొకరు గడ్డి కోతల్లో. అందరూ ఒక కప్పు కింద చేరేది క్రిస్మస్‌కే. సరిగ్గా అప్పుడే సూర్యుడు రెండు నెలలపాటు ముఖం చాటేస్తాడు. ఇక గతి ఏముంది, ఫ్లాష్ తప్ప!

బోర్గిల్ ఫొటోలన్నీ మళ్ళీ డబ్బాలో సర్దేసింది. "నలభై ఏళ్ళు కాపురం చేశానే. ఆయన నన్ను చూసే చూపు ఒక్కదాంట్లోనూ లేదు," అంది. చట్రం ఖాళీగానే సొరుగులో పెట్టి మూసేసింది.

ఆమెవి కూడా దళసరి కళ్ళద్దాలే. ఆమె ఫొటోల్లోనూ అవే తెల్ల మచ్చలు. వయసు డెబ్బై రెండు, పైగా ఆ ఏడు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. రాబోయే క్రిస్మస్‌కి అన్నదమ్ములతో కలిపి అమ్మని ఒక్క ఫొటో తీయాలి, అందులో అమ్మ కళ్ళు కనబడాలి. తురీద్‌కి అదే పట్టుదల అయిపోయింది.

వేసవిలో ట్రోమ్సో పట్నం వెళ్ళి ఒక కెమెరాల దుకాణంలో అడిగింది. అక్కడి పెద్దమనిషి పెట్టెల మీద పెట్టెలు దించి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు ఒక్కొక్క ఫ్లాష్‌నీ చూపించాడు. ధర వినగానే తురీద్‌కి కళ్ళు తిరిగాయి. "మా పడవకి ఇంజను కూడా ఇందులోనే వస్తుందా?" అని అడిగి బయటికొచ్చేసింది. నాలుగడుగులు వేస్తే పడవల సామాన్ల కొట్టు. రాత్రి వలలు లాగేటప్పుడు వేసుకునే పెద్ద దీపం ఒకటి, ఇనుప కాళ్ళతో సహా, గోడకి ఆనించి ఉంది.

"ఏ పడవకమ్మా?" అన్నాడు కొట్టతను.

"పడవకి కాదు, మా అమ్మకి," అంది తురీద్. అతను పాపం బిల్లు రాసిచ్చేశాడు.

ఆ ఆకురాలు కాలమంతా తురీద్ మొగుడు రైదార్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ భోజనాలవగానే అత్తగారి పాత కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చోవాలి. దీపం మరీ దగ్గరగా పెడితే దుప్పటి మాడి కమురు వాసనొచ్చేది. దూరంగా పెడితే వెలుతురు చాలేది కాదు. రెండో వైపు చెంప చీకట్లో పడిపోతోందని, ఫ్యాక్టరీ నుంచి చేపల పెట్టెల మూతలు, ఆ తెల్లటి తేలికపాటి థర్మోకోల్‌వి, తెచ్చి నిలబెట్టింది. వాటి మీద పడ్డ వెలుగు మెత్తగా చెంప మీదికొచ్చేది. ఎంత కడిగినా వాసన మాత్రం పోలేదు.

"ఒసేయ్, ఈ కంపులో మనిషెవడైనా నవ్వుతాడటే?" అన్నాడు రైదార్.

"కంపు ఫొటోలో పడదు. నువ్వు ముక్కు మూసుకోకుండా కూర్చో."

మొదటి రీలు కడిగించి తెస్తే రైదార్ ముఖం పండిన క్లౌడ్‌బెర్రీ పండులా నారింజ రంగులో వచ్చింది. రంగుల రీలుకి ఆ దీపం పడదని ఆమెకేం తెలుసు! రైదార్ కడుపుబ్బా నవ్వి, "చక్కెర పోసి జాడీలో పెట్టెయ్యి, క్రిస్మస్‌కి తింటారు," అన్నాడు. తురీద్ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత నలుపు తెలుపు రీలు కొంది, రంగుల గొడవే వదిలిపోయింది.

కళ్ళద్దాల కిటుకు కూడా అలాగే పట్టుబడింది. కెమెరా ఉండే చోట తన కన్ను పెట్టి చూసేది. అద్దాల్లో దీపం కనబడితే దాన్ని ఇంకాస్త పైకి, ఇంకాస్త పక్కకి జరిపేది. కళ్ళజోడు కాడల్ని చెవుల మీద వెంట్రుకవాసి పైకి లేపితే అద్దాలు కిందికి వంగి ఆ మిగిలిన మెరుపు కూడా పోయేది. రైదార్ కళ్ళు మొట్టమొదటిసారి ఫొటోలో స్పష్టంగా కనబడ్డ రోజున ఆమె వంటింట్లో గంతులేసింది.

క్రిస్మస్ వచ్చింది. అన్నయ్య స్వెరె ముందే దిగాడు. తమ్ముడు ఐలిఫ్ పనిచేసే ఓడ తుపాను వల్ల ఆలస్యమై, పండగ రెండోనాడు వస్తానని కబురు పంపాడు. ఆ సాయంత్రమే స్వెరె అత్తవారింటికి బయల్దేరాలి. అందరూ కలిసి ఉండేది ఆ కాసేపే. రెండోనాడు తురీద్ పొద్దున్నే వచ్చి దీపం, దుప్పటి, మూతలు అన్నీ అమ్మ ఇంట్లో సర్దిపెట్టింది. మధ్యాహ్నం పన్నెండయింది, బయట మాత్రం మునిమాపులా ఉంది. బోర్గిల్ మంచి గౌను వేసుకుని, వెండి బ్రోచి పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

తురీద్ కెమెరా దగ్గర కన్ను పెట్టి చూసింది. అంతా బాగుంది, ఎడమ అద్దంలో ఒక్క చుక్క తప్ప. అది ఎదుటి కిటికీలో పెట్టిన దీపానిది. తురీద్ వెళ్ళి టక్కున ఆర్పేసింది.

బోర్గిల్ లేచి నిలబడింది. "ఎవర్నడిగి ఆర్పావే దాన్ని?"

"ఒక్క నిమిషమేగా అమ్మా. ఫొటో అవగానే వేసేస్తాను."

"తమ్ముడు ఇంకా నీళ్ళ మీద ఉన్నాడని తెలుసా నీకు? మీ నాన్న రోజుల్నించీ మనిషి గుమ్మంలో అడుగు పెట్టకుండా నేనా దీపం ఆర్పలేదు. నీ పటం కోసం ఆర్పుతావా?" దీపం తానే మళ్ళీ వేసి, వంటింట్లోకెళ్ళి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది.

ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఏ ఆడదీ చేయకూడని పని తను చేసిందని తురీద్‌కి అప్పటికి తట్టింది. సిగ్గేసింది. అయినా కోపం ఆగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, "నాన్న కళ్ళు పోగొట్టుకున్నాం. నీవి కూడా పోగొట్టుకోమంటావా అమ్మా?" అంది.

బోర్గిల్ కత్తి పక్కన పెట్టింది. "దీపం వెలగాలి. అది తప్ప నన్నెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను," అంది.

స్వెరె కోటు విప్పాడు. "రావే చెల్లీ, ఇల్లు తిప్పేద్దాం," అన్నాడు. ఇద్దరూ కలిసి కుర్చీలు, దుప్పటి, ఇనుప కాళ్ళు, చేపల మూతలు అన్నీ గదికి అటువైపు మార్చారు. ఇప్పుడు కిటికీ అమ్మ వీపు వెనక్కి వెళ్ళింది. అక్కడి దీపం దాని మానాన అది వెలుగుతోంది, అద్దాల్లో చుక్క లేదు. దారి ఇంత తేలికగా ఉంటే అంత రభస చేశానే అని తురీద్ తనని తానే తిట్టుకుంది.

ఐలిఫ్ వచ్చేసరికి మూడు దాటింది. డీజిల్ వాసనతో, గడ్డం మీద మంచుతో వచ్చి, "ఏమిటిది, ఇంట్లో చేపల వేలమా?" అన్నాడు. అమ్మ వాడి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది. తురీద్ వాణ్ణి బట్టలు కూడా మార్చుకోనివ్వకుండా లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

కెమెరాకి ఒక చిన్న మీట ఉండేది. తిప్పి వదిలితే కాసేపు గిర్రుమని, దానంతటదే ఫొటో తీసేది. తురీద్ మీట తిప్పడం, నేల మీది తీగ దాటుకుని పరుగెత్తడం, అమ్మ పక్కన కూలబడటం. మళ్ళీ లేవడం, మళ్ళీ తిప్పడం. "పెట్టెలోకి చూడమ్మా, పెట్టెలోకి!" అని అరుస్తూనే ఉంది. రీలు అయిపోయేదాకా వదల్లేదు. ఐలిఫ్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో అందరూ అలా నవ్వడం నాన్న పోయాక అదే మొదలు.

రీలు టపాలో ట్రోమ్సో వెళ్ళింది. అది తిరిగొచ్చేసరికి కొండల మీద సూర్యుడు మళ్ళీ తొంగి చూసే రోజొచ్చింది. ఆ రోజు ఊరంతా తీపి బన్నులు తింటారు. తురీద్ ఒక చేత్తో బన్నుల పొట్లం, ఒక చేత్తో ఫొటోల కవరు పట్టుకుని, విప్పి చూడకుండా అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఇద్దరూ కలిసి బల్ల మీద పరిచారు. కళ్ళున్నాయి. కళ్ళద్దాల వెనక రెప్పల వెంట్రుకలతో సహా, కంటి కొసల ముడతలతో సహా, నిక్షేపంలా ఉన్నాయి. స్వెరె సూటిగా చూస్తున్నాడు, ఐలిఫ్ సూటిగా చూస్తున్నాడు. అమ్మ ఒక్కతే ప్రతి ఫొటోలోనూ కెమెరా వైపు కాక పక్కకి చూస్తోంది.

తురీద్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఏడాదంతా ఇన్ని తిప్పలు పడ్డానే! పెట్టెలోకి చూడమని గొంతు చించుకున్నానే! ఎటు చూస్తున్నావమ్మా నువ్వు?"

బోర్గిల్ ఒక ఫొటో తీసి వెలుగుకి పట్టుకుని నింపాదిగా చూసింది. అంచు దగ్గర, ఇంకా సరిగ్గా కూర్చోని తురీద్ ఉంది, జుట్టు చెదిరి, ముఖం సగం అలుక్కుపోయి.

"అబ్బాయిలిద్దరూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. నువ్వొక్కదానివే ఇంకా రాలేదు," అంది. "రానిదాన్ని చూడకుండా నీ పెట్టెని చూడమంటావేమిటే?"

తురీద్ కోపం ఎటు పోయిందో తెలియదు. ఫ్యాక్టరీలో నలుగురినీ నోటితోనే అదరగొట్టే ఆ మనిషి, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని బావురుమని ఏడ్చింది.