ఎడమ చెంపకు కరక్కాయ, కుడి చెంపకు పటిక

ఇప్పటి కుర్రాళ్ళు కూనిరాగాలు తీస్తూ గడ్డం గీసుకుంటుంటే నాకు గుండె దడ. మా పడుచుదనంలో ఆ పనికి మంగలి వచ్చేవాడు, మెడకాయ మీద తలకాయ భద్రంగా ఉండేది. నేనే ఓ కత్తి కొనుక్కుని (బుద్ధి గడ్డి తింది) పెళ్ళిచూపులనాడే దాన్ని ప్రారంభించాను. పెడనలో మాది బట్టల మీద రంగుల అద్దకం పని. బందరులో పెళ్ళికూతురు వాళ్ళదీ అదే పని. ఆ అమ్మాయిని అంతకుముందొకసారి మా మావయ్యగారి పెరట్లో చూశాను. అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇక బతకనని నాలో నేనే తీర్మానించుకున్నాను.

కత్తి రెండే రెండుసార్లు జారింది, చెంపకొకటి చొప్పున. నా కేకకి ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. నాయనమ్మ ఎడమ చెంప మీద కరక్కాయ పొడి అద్దేసింది. బాబాయి ఊరుకుంటాడా? "నెత్తురు కట్టాలంటే పటికేనే అమ్మా!" అంటూ కుడి చెంప రుద్దాడు. ఏది ముందు కడుతుందో చూద్దామని ఇద్దరూ చెరో పక్కా పీట వేసుకు కూర్చున్నారు. నా పెళ్ళి సంగతి ఒక్కరికీ గుర్తులేదు! మధ్యలో బాబాయి లేచివెళ్ళి కసిం కుండ కలిపొచ్చాడు. (కసిమంటే తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడితే చాలు, నల్లరంగు.) కుడివైపు ముందు కట్టింది. "నాదీ ఎప్పుడో కట్టింది, చూసుకోరా!" అంది నాయనమ్మ. బాబాయి కసిం అంటిన ఆ వేలితోనే తడిమి చూశాడు.

అద్దంలో చూసుకుని కొయ్యబారిపోయాను. ఎడమ చెంప మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ! సబ్బు, సున్నిపిండి, ఇటుకపొడి, దేనికీ పోలేదు. నాన్న తేరిపార చూసి, "ఉతికితే పోయేదైతే అది మన రంగెందుకవుతుందిరా?" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని నేను నిజంగానే ఏడ్చాను.

బందరులో చెంప మీంచి చెయ్యి తియ్యలేదు. "పంటి పోటా, బాబూ?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి. ఇంతలో ఫలహారం పళ్ళెం వచ్చింది, రెండు చేతులా అందుకోవాలి కదా! చెయ్యి తీశాను. చావిడిలో అందరి కళ్ళూ ఆ నల్లమచ్చ మీదే. ఎదురుగా కూర్చున్న అమ్మాయి నన్నొకసారి చూసి చటుక్కున లేచి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది నా బతుకు, అనుకున్నాను. చూస్తుండగానే నిమ్మచెక్కతో తిరిగొచ్చింది. "కరక్కాయ మీద కసిం పడ్డట్టుందండీ. దీంతో పోతుంది" అంది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల మాట్లాడటమా! మా నాన్న చేతిలో లడ్డూ జారిపోయింది. నేను మాత్రం మురిసిపోయి నిమ్మచెక్క తీసుకుని చెంప మీద గట్టిగా రుద్దాను, కింద గాయముందని మరిచి. ఇంటి పెంకులు ఎగిరిపోయేలా అరిచాను. నలుపు పోయింది, నెత్తురు మళ్ళీ మొదలైంది, అమ్మాయి ఫక్కున నవ్వేసింది. "ఎవరక్కడ? పటిక పట్రండి!" అన్నాడు వాళ్ళ నాన్న. మా బాబాయి నాయనమ్మ వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

ఆ నవ్వే మా ఇంటికి కాపురానికొచ్చింది. ఇప్పుడు నా గడ్డం ముగ్గుబుట్ట. నేను కత్తి పట్టినప్పుడల్లా ఆవిడ అద్దం పక్కన ఓ నిమ్మచెక్క పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది. తెల్లబడ్డ నా గడ్డాన్ని అద్దంలో చూసుకుని, "నిమ్మకాయెందుకే ఇంకా? కాస్త కసిం ఉంటే పట్రా" అంటాను.